లెక్కయా, చిట్టాయా? దత్తాంశముల పంపిణీ కథ

ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతికి 120 మంది విద్యార్థులు చేరినారనుకొందము. మూడు సెక్షన్లు ఉన్నవి. ఎవరు ఏ సెక్షనులో కూర్చుండవలెనో నిర్ణయించుటకు ప్రధానోపాధ్యాయుడు ఒక సులభమైన నియమము పెట్టినాడు. ప్రవేశ సంఖ్యను 3 చేత భాగించవలెను. శేషము 0 వచ్చినచో మొదటి సెక్షను, 1 వచ్చినచో రెండవది, 2 వచ్చినచో మూడవది. సెక్షనుకు 40 మంది చొప్పున సరిగా సమముగా వచ్చినారు. జాబితా వ్రాయనక్కరలేదు. ఏ విద్యార్థి ఎక్కడ ఉన్నాడో అతని సంఖ్య తెలిసిన వారెవరైనను క్షణములో చెప్పగలరు.

రెండు నెలల తరువాత నాలుగవ సెక్షను మంజూరైనది. నియమములో 3 కు బదులు 4 అని మార్చినారు. అప్పుడేమైనది? 120 మందిలో 30 మంది మాత్రమే ఉన్నచోట ఉండిరి. 90 మంది సెక్షను మారవలసి వచ్చినది. కొత్త సెక్షనుకు కావలసినది 30 మందే. తక్కిన 60 మంది పాత సెక్షన్లలోనే ఒకదానినుండి మరియొకదానికి వ్యర్థముగా తిరిగినారు. విద్యార్థులు సంఖ్యలు వేసి దీనిని సరిచూచుకొనవచ్చును.

పాఠశాలలో ఈ గందరగోళము ఒక పూటతో ముగియును. కాని ఇదే చిక్కు నేడు ప్రపంచములోని పెద్ద కంప్యూటరు కేంద్రములన్నింటిలోను ఉన్నది. దానిని విప్పుటకు శాస్త్రజ్ఞులు డెబ్బది ఏండ్లుగా చేసిన ప్రయత్నమే ఈ వ్యాసమునకు విషయము.

సమస్య స్వరూపము

బ్యాంకుల ఖాతాలు, ఆసుపత్రుల ఎక్స్‌రే చిత్రములు, ఉపగ్రహములు పంపు ఫోటోలు మొదలగు దత్తాంశములు ఒక డిస్కులో పట్టవు. వందలకొలది, ఒక్కొక్కచోట వేలకొలది డిస్కులను అనేక కంప్యూటర్లలో అమర్చి, వానిని తీగలతో కలిపి ఒకే పెద్ద గిడ్డంగివలె వాడుదురు. దీనిని నిల్వ సమూహము అనవచ్చును. ఏ ఫైలు ఏ డిస్కులో ఉంచవలెను? మరల కావలసినప్పుడు ఎక్కడ వెదకవలెను?

ఈ ప్రశ్నకు చెప్పు సమాధానము మూడు పరీక్షలలో నెగ్గవలెను. మొదటిది సమత: డిస్కులన్నియు వాని వాని శక్తికి తగినట్లు నిండవలెను. రెండవది నిలకడ: డిస్కు చేరినను, చెడినను, అవసరమైనంత దత్తాంశము మాత్రమే కదలవలెను. మూడవది సులభముగా తెలియుట: ఫైలు పేరు చెప్పగానే దాని చోటు తెలియవలెను.

సమత కేవలము అందము కొరకు కాదు. నేడు విరివిగా వాడుకలో ఉన్న సెఫ్ అను నిల్వ వ్యవస్థలో మామూలుగా పెట్టు హద్దులు చూడుడు. ఒక డిస్కు 85 శాతము నిండగానే హెచ్చరిక వచ్చును. 90 శాతము దాటినచో సర్దుబాటు కొరకు ఇతర డిస్కులనుండి దత్తాంశమును దానిలోనికి తరలించుట ఆగును. 95 శాతము చేరినచో ఆ డిస్కు పాల్గొను భాగములో కొత్తగా వ్రాయుటే నిలిచిపోవును. ప్రక్క డిస్కులలో సగము చోటు ఖాళీగా ఉన్నను ప్రయోజనము లేదు. అనగా గిడ్డంగి శక్తిని నిర్ణయించునది సగటు డిస్కు కాదు, అందరికంటె ఎక్కువ నిండిన డిస్కు.

నిలకడ కూడ అట్టిదే. 10 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల వేగముతో ఖాళీ చేయుటకు 50,000 సెకనులు, అనగా దాదాపు 14 గంటలు పట్టును. అనవసరముగా కదలించిన ప్రతి ఫైలు ఆ మేరకు డిస్కుల కాలమును, తీగల శక్తిని తినివేయును.

లూన్ చూపిన దారి

మొదటి ఆలోచన నిల్వ సమూహముల కొరకు పుట్టినది కాదు. ఒకే యంత్రపు జ్ఞాపకశక్తిలో ఒక సంఖ్యను త్వరగా వెదకుట ఎట్లు అన్న ప్రశ్నకు అది సమాధానము. 1896లో జర్మనీలో జన్మించి, అమెరికాలో ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953 జనవరిలో సంస్థలోని సహోద్యోగుల కొరకు ఒక లేఖ వ్రాసినాడు. వెదకవలసిన సంఖ్యలోని అంకెలతో ఒక చిన్న లెక్క చేసి, వచ్చిన ఫలితమును బట్టి దానిని ఒక గంపలో వేయవలెను. వెదకునప్పుడు అదే లెక్క మరల చేసి, ఆ ఒక్క గంపలోనే చూడవలెను అన్నది దాని సారము. క్రెడిట్ కార్డు సంఖ్యలలో తప్పు పట్టుటకు నేటికిని వాడు సూత్రము కూడ ఈయనదే.

1956లో ఐబీఎం రామాక్ అను యంత్రమును బయటపెట్టినది. అందు రెండడుగుల వ్యాసము గల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై తిరుగుచుండెను. వానిలో పట్టునది 50 లక్షల అక్షరములు. డిస్కుతో అమ్మిన మొదటి కంప్యూటరు ఇదియే. ఆ సంవత్సరమే ఆర్నాల్డ్ డ్యూమీ ఒక పత్రికలో ఈ పద్ధతిని వివరించుచు, ఒక ప్రధాన సంఖ్యచేత భాగించి శేషమును చిరునామాగా వాడవచ్చునని సూచించినాడు. మన ప్రధానోపాధ్యాయుని నియమము ఇదే.

ఇట్టి లెక్కకు హాష్ ప్రమేయము అని పేరు. హాష్ అనగా సన్నగా తరిగి కలగలుపుట. ఫైలు పేరులోని అక్షరములను తరిగి కలిపి ఒక పెద్ద సంఖ్యగా మార్చును. ఒకే పేరుకు ఎప్పుడును ఒకే సంఖ్య వచ్చును. కాని ఒక్క అక్షరము మారినను ఫలితము గుర్తు పట్టలేనంతగా మారును. కావున పేర్లు ఎట్లున్నను సంఖ్యలు చీటీలు తీసినట్లు చెదరిపోవును. రాబర్ట్ మారిస్ 1968లో వ్రాసిన సమీక్షా వ్యాసము తరువాత ఈ పేరు స్థిరపడినది.

ఇందులోని గొప్పతనము గమనించుడు. ఫైలు ఎక్కడ ఉన్నదో వ్రాసి పెట్టుకొను చిట్టా లేదు. చిట్టా చేయు పనిని లెక్క చేసినది.

చింతగింజల ప్రయోగము

చీటీలు తీసినట్లు పంచినచో సమముగా వచ్చునా? దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. పది డబ్బాలకు 0 నుండి 9 వరకు సంఖ్యలు వ్రాయుడు. ఆ సంఖ్యలే పది చీటీలపై వ్రాయుడు. ఒక చీటీ తీసి, ఆ డబ్బాలో ఒక చింతగింజ వేసి, చీటీని మరల కలుపుడు. ఇట్లు 100 గింజలు వేసినచో డబ్బాకు సగటు 10. కాని అందరికంటె నిండిన డబ్బాలో సామాన్యముగా 14, 15 గింజలు ఉండును. ఏదో ఒక డబ్బాలో ఐదారే ఉండును.

ఇది చీటీల దోషము కాదు. సంభావ్యతా శాస్త్రము చెప్పునదే ఇది. ఇట్టి పంపిణీలో సగటునుండి కలుగు తేడా దాదాపు ఆ సగటు యొక్క వర్గమూలమంత ఉండును. సగటు 10 ఐనచో తేడా 3, అనగా 30 శాతము. సగటు 100 ఐనచో తేడా 10, అనగా 10 శాతము. సగటు 10,000 ఐనచో 100, అనగా 1 శాతమే. గింజలు పెరిగిన కొలది తేడా సంఖ్యలో పెరిగినను నిష్పత్తిలో తగ్గును. ఈ సూత్రము మనకు మరల కావలసివచ్చును.

ఇప్పుడు ప్రయోగమును కొంచెము మార్చుడు. ప్రతి గింజకు రెండు చీటీలు తీసి, ఆ రెండు డబ్బాలలో తక్కువ నిండినదానిలో వేయుడు. నిండు డబ్బాలో ఇప్పుడు 11 లేక 12 గింజలే ఉండును! రెండవ చీటీ ఒక్కటే ఇంత మార్పు తెచ్చినది. 1994లో యోసి అజార్, ఆండ్రే బ్రోడర్, అన్నా కార్లిన్, ఎలీ ఉప్ఫాల్ అను నలుగురు దీనిని గణితముగా నిరూపించినారు. డబ్బాల సంఖ్య ఎంత పెరిగినను, నిండు డబ్బాలోని అధికము పెరుగుట మాత్రము సంవర్గమానము యొక్క సంవర్గమానమంత మెల్లగా ఉండునని వారు చూపినారు.

ఐతే దీనికొక వెల ఉన్నది. గింజ రెండు డబ్బాలలో దేనిలో పడినదో లెక్క చెప్పలేదు. ఆ సమయమునకు ఏది తక్కువ నిండి ఉండెనో దానిపై అది ఆధారపడినది. కావున వెదకునప్పుడు రెండు చోట్లను చూడవలెను, లేదా ఎక్కడ వేసితిమో వ్రాసుకొనవలెను. సమత కావలెనన్నచో చిట్టా నెమ్మదిగా వెనుకకు వచ్చుచున్నది.

డబ్బాల సంఖ్య మారినచో

సమత సంగతి ఇట్లుండగా, నిలకడ సంగతి ఇంకను చిక్కైనది. పది డిస్కులకు పదునొకండవది చేర్చినామనుకొందము. శేషపు నియమము ప్రకారము 11 ఫైళ్ళలో 10 కదలును, ఒకటి నిలుచును. నిజమునకు 11 లో ఒకటి కదలి 10 నిలిచినచో చాలును. నియమము చేయునది కావలసినదానికి సరిగా తలక్రిందులు!

1979లో రోనాల్డ్ ఫాగిన్, ఆయన సహచరులు, 1980లో విటోల్డ్ లిట్విన్, గంపలను కొద్దికొద్దిగా చీల్చుచు పెంచు పద్ధతులు కనిపెట్టినారు. ఒకే యంత్రములో పెరుగు ఫైళ్ళకు అవి చక్కగా పనిచేసినవి. కాని డిస్కులు ఎప్పుడు పడిన అప్పుడు వచ్చి పోవు సమూహములకు మరియొక ఆలోచన కావలసివచ్చినది. అది 1990 దశకములో, ఇంటర్నెట్టు రద్దీ పెరిగిన కాలమున, రెండు చోట్ల పుట్టినది.

మిషిగన్ విశ్వవిద్యాలయములో డేవిడ్ థేలర్, చిన్యా రవిశంకర్ 1996లో ఇట్లు చెప్పినారు. ఫైలు పేరును ప్రతి సర్వరు పేరుతోను కలిపి వేరువేరుగా హాష్ చేయుడు. ఎవరికి ఎక్కువ సంఖ్య వచ్చునో వారిదే ఆ ఫైలు. ఇది ప్రతి ఫైలుకు పోటీదారులందరిచేత చీటీ తీయించుట వంటిది. కొత్త సర్వరు వచ్చినచో, తాను గెలిచిన ఫైళ్ళను మాత్రము తీసుకొనును. పాతవారి చీటీలు మారవు కనుక వారిలో వారికి ఇచ్చిపుచ్చుకొనుట ఉండదు.

1997లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన డేవిడ్ కార్గర్, టామ్ లేటన్, డానియల్ లూయిన్ మొదలగు ఆరుగురు మరియొక మార్గము ప్రకటించినారు. గడియారపు ముఖమును ఊహించుకొనుడు. హాష్ ప్రమేయము ప్రతి సర్వరును ఆ వలయముపై ఒక చోట నిలుపును. ప్రతి ఫైలునకు కూడ ఒక చోటు చూపును. ఫైలు చోటునుండి ముల్లు తిరుగు దిక్కునకు పోవగా మొదట ఎదురగు సర్వరు దానికి యజమాని. కొత్త సర్వరు నడుమ నిలిచినచో తన ముందున్న ఒక్కని భాగములో కొంత తీసుకొనును, తక్కినవారికి తెలియనైన తెలియదు. దీనికి కన్సిస్టెంట్ హాషింగ్, అనగా నిలకడ గల హాషింగ్ అని పేరు పెట్టినారు. ఈ ఆలోచన పునాదిగా 1998లో లేటన్, లూయిన్ ఆకమై అను సంస్థను నెలకొల్పినారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులోని జంట భవనములలో మొదటిదానిని ఢీకొన్న విమానములో లూయిన్ ప్రయాణించుచుండెను. మరణించునాటికి ఆయన వయస్సు 31 సంవత్సరములే.

వలయము నిలకడ తెచ్చినది, కాని సమత తేలేదు. పది సర్వర్లు చీటీ వేసినట్లు వలయముపై నిలిచినచో వాని నడుమ ఎడములు సమానముగా ఉండవు. అన్నిటికంటె పెద్ద ఎడము సగటుకు దాదాపు 3 రెట్లు ఉండునని గణితము చెప్పుచున్నది. ఒకనికి మూడు వాటాలు, మరియొకనికి పిడికెడు! దీనికి విరుగుడు కూడ చింతగింజల సూత్రమే. ఒక్కొక్క సర్వరును ఒక చోట కాక వంద చోట్ల నిలిపినచో తేడాలు ఒకదానినొకటి సరిపెట్టుకొనును. పెద్ద డిస్కునకు ఎక్కువ చోట్లు, చిన్నదానికి తక్కువ చోట్లు ఇయ్యవచ్చును. అమెజాన్ సంస్థవారు 2007లో ప్రకటించిన డైనమో అను నిల్వ వ్యవస్థ ఈ విధముననే నడచినది.

చిట్టా పక్షము

అందరును లెక్కనే నమ్ముకొనలేదు. గూగుల్ సంస్థలో సంజయ్ ఘెమావత్, హోవార్డ్ గోబియాఫ్, షున్‌టాక్ లియుంగ్ 2003లో తమ ఫైలు వ్యవస్థను వర్ణించినారు. వారిది నిస్సంకోచముగా చిట్టా పద్ధతి. దత్తాంశమును 64 మెగాబైట్ల ముక్కలుగా కోయుదురు. ప్రతి ముక్కకు మూడు ప్రతులు. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో ఒక పెద్ద యంత్రము తన జ్ఞాపకములో ఉంచుకొనును. ముక్కకు 64 బైట్లకంటె తక్కువ చోటు చాలును, అనగా దత్తాంశములో పదిలక్షల వంతు. పెటాబైటు దత్తాంశమునకు గిగాబైటు చిట్టా.

చిట్టా ఉన్నవానికి సమత సులభము. ఖాళీ ఎక్కువ ఉన్న డిస్కును చూచి కొత్త ముక్క అందు వేయవచ్చును. కాని వారు అనుభవముతో ఒక జాగ్రత్త నేర్చుకొన్నారు. కొత్త డిస్కు ఖాళీగా ఉన్నది కదా అని కొత్త ముక్కలన్నియు దానిలోనే వేసినచో, వ్రాయువారందరు ఒకేసారి దానిమీదనే పడుదురు. కావున కొద్ది కాలములో ఒక డిస్కులో వేయదగు కొత్త ముక్కలకు హద్దు పెట్టినారు. చోటులో సమత వేరు, పనిలో సమత వేరు అన్న పాఠము ఇది.

ఐతే చిట్టా ఒకరి చేతిలో ఉన్నప్పుడు అందరును ఆ ఒక్కని వద్దకే పోవలెను. ఫైళ్ళు పెరిగిన కొలది ఆ వాకిలి ఇరుకగును.

పుల్లలు తీయుట

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ శాఖలో సేజ్ వైల్ అను పరిశోధక విద్యార్థి, తన గురువులతో కలిసి, 2006లో సెఫ్ వ్యవస్థను, దానికి ప్రాణమైన క్రష్ అను నియమమును ప్రకటించినాడు. ఇందు మొదట ఫైళ్ళను కొన్ని వేల గుంపులుగా చేయుదురు. తరువాత ప్రతి గుంపు కొరకు డిస్కులు పుల్లలు తీయును. పొడుగు పుల్ల వచ్చిన డిస్కు గెలుచును. థేలర్, రవిశంకరుల పోటీయే ఇది. ఐతే పోటీ అంచెలంచెలుగా జరుగును: మొదట ఏ గది, అందు ఏ బీరువా, అందు ఏ కంప్యూటరు, చివరకు ఏ డిస్కు. మూడు ప్రతులు మూడు వేరు బీరువాలలో పడునట్లు నియమింపవచ్చును కనుక, ఒక బీరువాకు విద్యుత్తు పోయినను దత్తాంశము మిగులును. సమూహపు పటము చేతిలో ఉన్న ప్రతివాడును ఈ లెక్క తానే చేసికొనగలడు. ఎవరినీ అడుగనక్కరలేదు.

పెద్ద డిస్కు ఎక్కువ గెలువవలెను కదా. 2006 నాటి నియమములో పుల్ల పొడవును ఒక గుణకముచేత పెంచిరి. ఆ గుణకము ఇతర డిస్కుల బరువుపై కూడ ఆధారపడుచుండెను. అందుచేత ఒక డిస్కు బరువు మార్చినచో సంబంధము లేని రెండు డిస్కుల నడుమ దత్తాంశము కదలుచుండెను. మన పాఠశాలలో వ్యర్థముగా తిరిగిన 60 మంది చిన్న రూపములో మరల కనిపించినారు. 2015లో ఈ లోపము సవరించినారు. సవరణ మన విద్యార్థులు ఎరిగిన సంవర్గమానమే. 0కు, 1కి నడుమ హాష్ సంఖ్య తీసి, దాని సహజ సంవర్గమానమును ఆ డిస్కు బరువుచేత భాగింపవలెను. ఫలితము ఋణ సంఖ్య. సున్నకు అతి దగ్గరనున్నది గెలుచును.

ఒక ఉదాహరణ చూతము. క, ఖ, గ అను డిస్కుల బరువులు 1, 1, 2. హాష్ సంఖ్యలు 0.5, 0.7, 0.4. వాని సంవర్గమానములు −0.693, −0.357, −0.916. బరువులచేత భాగించగా −0.693, −0.357, −0.458. ఖ గెలిచినది. ఇప్పుడు గ బరువును 4 చేయుడు. దాని పుల్ల −0.229 అగును, గ గెలుచును. గుంపు ఖ నుండి గ కు పోయినది. క, ఖ ల పుల్లలు మారలేదు కనుక వాని నడుమ ఏదియు కదలదు. ఎవరి పుల్ల వారి బరువుపైననే ఆధారపడుట ఇందలి కీలకము.

చిట్టా తిరిగివచ్చుట

ఇంత చేసినను చింతగింజలు తమ ధర్మము విడువవు. గుంపులు ఒక్కొక్కదానికి కంప్యూటరు శ్రమ పడవలెను కనుక డిస్కుకు సామాన్యముగా వంద ప్రాంతముననే ఉంచుదురు. సగటు 100 ఐనచో తేడా 10. వంద డిస్కులున్నచోట అందరికంటె నిండినదానిలో 125 ప్రాంతము గుంపులుండును. అది 95 శాతము నిండునాటికి సగటు డిస్కు 76 శాతమే నిండి ఉండును. డబ్బు పెట్టి కొన్న చోటులో దాదాపు ఐదవ వంతు చేతికందదు.

2017లో సెఫ్ వ్యవస్థకు ఒక చిన్న పట్టిక చేర్చినారు. "ఫలానా గుంపు లెక్క ప్రకారము 17వ డిస్కుకు పోవలెను, కాని 42వ డిస్కులో ఉంచుడు" అని అందు వ్రాయుదురు. ఒక కార్యక్రమము నిండిన డిస్కులను, ఖాళీ డిస్కులను పోల్చి, కొద్ది గుంపులను మాత్రము కదలించి ఈ పట్టిక నింపును. తేడాలు కొద్ది సంఖ్యలకు దిగును. గుంపులు వేలలోనే కాని ఫైళ్ళవలె కోట్లలో ఉండవు కనుక పట్టిక చిన్నది. సమూహపు పటముతోపాటు అది అందరికిని చేరును.

1953లో చిట్టాను తీసివేయుటతో మొదలైన కథ 2017లో చిట్టాను మరల పిలిచినది. ఐతే ఇది పాత చిట్టా కాదు. ఇందు అన్ని వస్తువుల పేర్లు లేవు. లెక్క సరిపడని చోట్లు మాత్రమే ఉన్నవి.

ఇప్పుడు మన ప్రధానోపాధ్యాయునికి ఏమి సలహా చెప్పవచ్చును? ప్రతి విద్యార్థి కొరకు సెక్షన్లచేత పుల్లలు తీయించుమనవచ్చును. నాలుగవ సెక్షను వచ్చినప్పుడు అది గెలిచిన 30 మంది ప్రాంతపువారే లేచి పోవుదురు. తక్కినవారు కదలరు. సెక్షన్లలో ఇద్దరు ముగ్గురు హెచ్చుతగ్గులైనచో, ఆ కొద్దిమంది పేర్లు నోటీసు బోర్డుపై వ్రాసిన చాలును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించినచో, శేషము, సంభావ్యత, సంవర్గమానము అను మూడు పాఠములు ఒకే ఆటలో విద్యార్థులకు అందును.